పిల్లల కుంగుబాటు మా కళ్లకు కనబడుతోంది, ఎవరికి చెప్పాలి? - విద్య, వైద్యారోగ్య శాఖల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్య, ఇంటర్మీడియట్ విద్య, వైద్యారోగ్య శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా కలెక్టర్లకు,

నమస్కారం.

మేము కర్నూలు జిల్లా పడమటి మండలాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయులం. మాతోపాటు కొందరు తల్లిదండ్రులు కూడా ఈ లేఖలో భాగస్వాములు. ఇదే విషయంపై ఇదివరకు వినతిపత్రాలు ఇచ్చాం. 'తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగానికి పంపడమైనది' అన్న ఒక్క వాక్యం తప్ప మాకు జవాబు రాలేదు. ఆ సంబంధిత విభాగాన్ని అడిగితే ఇది ఆరోగ్యం విషయం కనుక వైద్యశాఖను అడగమన్నారు. వైద్యశాఖ వారు బడిపిల్లల సంగతి విద్యాశాఖే చూసుకోవాలన్నారు. అందుకే ఇప్పుడు రెండు శాఖలకూ కలిపి, అందరూ చూసేలా రాస్తున్నాం.

మేము అడిగేది ఒక్కటే. ఒక పిల్ల కుంగుబాటులో ఉందని క్లాస్ టీచరుకు సోమవారం ఉదయం అనుమానం వస్తే, ఆ టీచరు ఎవరికి చెప్పాలి, ఆ పిల్లను ఎవరు, ఎక్కడ, ఎన్ని రోజుల్లో చూడాలి? ఈ ప్రశ్నకు మా ప్రాంతంలోని ఏ బడిలోనూ, ఏ హాస్టల్లోనూ రాతపూర్వకమైన సమాధానం లేదు. అవగాహన సదస్సులు జరుగుతున్నాయి, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన అక్టోబరు 10న ర్యాలీలూ తీస్తున్నాం. గుర్తించమని చెప్పేవారు చాలామంది ఉన్నారు గానీ, గుర్తించిన తర్వాతి మెట్టు ఏమిటో చెప్పేవారు లేరు.

ముందుగా మేము చూస్తున్న వాస్తవాలు, వాటి వల్ల సామాన్య కుటుంబాలకు జరుగుతున్న నష్టం మీ ముందు ఉంచుతున్నాం.

1. కుంగుబాటు అనగానే దిగులు, ఏడుపు, మౌనం గుర్తుకొస్తాయి. పిల్లల్లో అది చాలాసార్లు చిరాకుగా, కోపంగా, ఎదురుతిరగడంగా బయటపడుతుంది. మానసిక వైద్యులు పాటించే నిర్ధారణ ప్రమాణాల్లోనే పిల్లల విషయంలో దిగులుకు బదులు చిరాకును ప్రధాన లక్షణంగా తీసుకోవచ్చని ఉంది. ఇష్టమైన ఆటల మీద, స్నేహాల మీద ఆసక్తి పోవడం, నిద్ర తగ్గడం లేదా బాగా పెరగడం, తిండి మానడం, ఎదిగే వయసులో పెరగాల్సిన బరువు పెరగకపోవడం, చదివింది తలకెక్కకపోవడం, ప్రతిదానికీ తననే నిందించుకోవడం వంటివి రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ కనిపిస్తూ, బడికి, ఇంటికి సంబంధించిన పనులు కుంటుపడితే డాక్టరు చూడవలసిన స్థితి వచ్చిందని అర్థం. అయితే మా బడుల్లో ఇవన్నీ వేరే పేర్లతో నమోదవుతున్నాయి. కోపం క్రమశిక్షణా రాహిత్యం అవుతుంది, నీరసం బద్ధకం అవుతుంది, మార్కులు తగ్గితే 'ఫోను పట్టుకుని చెడిపోయింది' అవుతుంది. శిక్ష కూడా ఆ పేరును బట్టే పడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాం. ఎవరో గుర్తుపట్టే వివరాలు మార్చాం. తొమ్మిదో తరగతి అమ్మాయి. జీవశాస్త్రం రికార్డులో గుండె బొమ్మను ఎరుపు, నీలం పెన్సిళ్లతో వేసి, స్కేలు పెట్టి గీతలు కొట్టి, భాగాల పేర్లు గుండ్రని అక్షరాలతో రాసేది. మిరప కోతల కోసం తల్లిదండ్రులు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలి పనికి వెళ్లారు. అమ్మాయి అవ్వ దగ్గర ఉండిపోయింది. సంక్రాంతి తర్వాత వేసిన బొమ్మలకు రంగు లేదు, పేర్లు లేవు, చివరి రెండు పేజీల్లో బొమ్మ అంచు మాత్రమే ఉంది. అదే నెలలో మధ్యాహ్న భోజనం దగ్గర తోటి పిల్ల మీద పళ్లెం విసిరిందని ఆమెను తరగతి బయట నిలబెట్టారు. రికార్డునూ, పళ్లెం సంగతినీ పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరికీ అప్పగించి లేదు. ఎందుకిలా ఉన్నావని ఒక ఉపాధ్యాయురాలు విడిగా కూర్చోబెట్టుకుని అడిగితే, "పొద్దున లేవబుద్ధి కావడం లేదు మేడం" అంది. చివరికి ఆ అమ్మాయి డాక్టరును చేరింది, కోలుకుని బడికి వస్తోంది. అది మా వ్యవస్థ గొప్పతనం కాదు. ఒక ఉపాధ్యాయుడి బంధువు కర్నూలులో నర్సు కావడం వల్ల జరిగింది.

2. పల్లెలో ఈ జబ్బు ముందుగా కడుపునొప్పిగానో, తలనొప్పిగానో కనబడుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్ర ఇస్తాడు. తగ్గకపోతే పట్టణంలో ప్రైవేటు ఆసుపత్రి, రక్తపరీక్షలు, స్కానింగ్. రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తాయి. ఆ మాటతో ఇంట్లో 'అంతా నాటకం' అన్న తీర్పు కూడా వచ్చేస్తుంది. నాటకం కాదని నమ్మిన కుటుంబం గాలి సోకిందనో దిష్టి తగిలిందనో తాయెత్తు కట్టిస్తుంది, ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటుంది. మొక్కుకున్నవారిని మేము తప్పుపట్టడం లేదు. వారికి తెలిసిన దారి అదే, పైగా అక్కడ వారిని ఎవరూ కసురుకోరు. కానీ ఈలోగా వడ్డీకి తెచ్చిన డబ్బు ఖర్చవుతుంది, నెలలు గడుస్తాయి, పిల్ల ఆ విద్యాసంవత్సరాన్ని కోల్పోతుంది. మానసిక వైద్యుడి పేరెత్తితే ఎర్రగడ్డ, చినవాల్తేరు మానసిక ఆసుపత్రుల పేర్లు చెప్పి భయపడతారు. ఆడపిల్ల అయితే రేపు సంబంధాలు రావంటారు. కుంగుబాటుకు చికిత్స తీసుకునే పిల్లల్లో అత్యధికులను ఆసుపత్రిలో చేర్చవలసిన అవసరమే ఉండదని, తీవ్రత తక్కువగా ఉంటే మాటలతో చేసే చికిత్స, ఇంటి తోడ్పాటుతోనే చాలామంది కోలుకుంటారని, మందులు అవసరమైనా వాటిని నిపుణుల పర్యవేక్షణలో వాడితే భయపడనక్కర్లేదని వారికి చెప్పిన ప్రభుత్వ మనిషి ఇంతవరకు లేరు.

3. లెక్కల సంగతి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల వయసువారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు అంచనా వేసింది. అందులో కుంగుబాటు ఒక్కటే లేదు, ఆందోళన వంటివీ ఉన్నాయి. అయినా నలభై మంది ఉన్న తరగతిలో సుమారు ముగ్గురన్న మాట. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వారందరికీ కుంగుబాటు ఉందని మేము అనడం లేదు. ప్రాణం తీసుకోవడానికి కారణం ఎప్పుడూ ఒక్కటే ఉండదు. అయితే చికిత్స ఉన్న జబ్బు ఆ కారణాల్లో ఉన్నప్పుడు, దాన్ని ముందే చూడగలిగిన పెద్దలు ఆ పిల్లల చుట్టూ రోజూ ఉన్నారు.

4. పథకాలు లేక కాదు ఈ పరిస్థితి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. బృందాలు బడికి వచ్చి కళ్లు, పళ్లు, చెవులు, గుండె చూస్తాయి. మొదట్లో ఎంచుకున్న 30 ఆరోగ్య సమస్యల జాబితాలో నేర్చుకోవడంలో ఇబ్బందులు, ఆటిజం ఉన్నాయి గానీ కుంగుబాటు లేదు. 2014లో మొదలైన కౌమార ఆరోగ్య కార్యక్రమంలో మానసిక ఆరోగ్యం ఒక ప్రధానాంశం. 2020లో ప్రతి పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా గుర్తించాలన్నారు. 2022 అక్టోబరు నుంచి మానసిక సహాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇవన్నీ మంచివే. కానీ ఒకదానికొకటి కలవడం లేదు. శిక్షణ పొందిన టీచరుకు డాక్టరు తెలియదు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరుకు ఆ బడి తెలియదు, ఫోను లేని పిల్లకు హెల్ప్‌లైన్ నంబరు గోడ మీద కూడా కనబడదు.

5. రెసిడెన్షియల్ కాలేజీల విషయం మరింత బాధాకరం. పదో తరగతి పాసైన పిల్లను హాస్టల్లో దించి వచ్చాక, తల్లిదండ్రులకు ఆమె గొంతు వినబడేది వారానికి కొన్ని నిమిషాలు, కనబడేది ఔటింగ్ రోజున. వారం వారం పరీక్షలు, ఆ మార్కులను బట్టి సెక్షన్ల మార్పు, నోటీసు బోర్డు మీద ర్యాంకుల జాబితా. పిల్ల తిండి మానేసిందని మొదట తెలిసేది వంటమనిషికి, రాత్రంతా మేలుకుని ఉందని తెలిసేది పక్క మంచం అమ్మాయికి. వారిద్దరినీ అడిగేవారు లేరు. 2001లోనే ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ ఈ కాలేజీల తీరును పరిశీలించింది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయినప్పుడు మరో కమిటీ వేశారు. కమిటీలకు కొదవ లేదు.

6. ప్రాణం తీసుకోబోయి బయటపడిన పిల్లల పరిస్థితి అసలు ఎవరి లెక్కలోకీ రావడం లేదు. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రిలో 'పొరపాటున జరిగింది' అని చెప్పి, రెండు రోజుల్లో ఇంటికి తీసుకుపోతారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం వేరేలా రుజువైతే తప్ప అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, విచారణ జరపకూడదు, శిక్షించకూడదు. సంరక్షణ, చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలియదు సరే, కొన్ని పోలీసు స్టేషన్లలోనూ తెలిసినట్లు లేదు. దీనికితోడు కాలేజీ యాజమాన్యం 'మాకెందుకు వచ్చిన బాధ్యత' అని టీసీ చేతిలో పెడుతుంది. అత్యంత ప్రమాదంలో ఉన్న వారాల్లో ఆ పిల్ల చదువుకు, స్నేహితులకు, చికిత్సకు ఒకేసారి దూరమవుతుంది.

7. సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు గురించి మీకు మేము చెప్పవలసిన పని లేదు. ఆ కేసు పుట్టింది మన విశాఖపట్నంలోనే, నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కుటుంబం చేసిన పోరాటం నుంచి. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా అన్ని విద్యాసంస్థలకూ, కోచింగ్ కేంద్రాలకూ, హాస్టళ్లకూ 15 మార్గదర్శకాలు ఇచ్చి, చట్టం వచ్చేదాకా అవే అమల్లో ఉంటాయని కోర్టు చెప్పింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలరును గానీ సైకాలజిస్టును గానీ సోషల్ వర్కరును గానీ నియమించాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఆసుపత్రులకు, హెల్ప్‌లైన్లకు తక్షణం పంపే పద్ధతిని రాసిపెట్టుకోవాలి. జిల్లా స్థాయిలో కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి. కోచింగ్ కేంద్రాల నియమాలకు రాష్ట్రాలకు ఇచ్చిన గడువు రెండు నెలలు. ఆ గడువు ఎప్పుడో దాటింది. రాజధానిలో ఏ ఫైలు ఎక్కడ ఉందో మాకు తెలియదు గానీ, మా బడి గుమ్మం దాకా మాత్రం ఏదీ రాలేదు.

ఈ పరిస్థితిలో మీ నుంచి ఈ కింది చర్యలు కోరుతున్నాం. ఇందులో మేము కొత్తగా కనిపెట్టినవి తక్కువ. చాలావరకు చట్టంలోనో తీర్పులోనో మీ సొంత పథకాల్లోనో ఉన్నవే.

8. ప్రతి ఉన్నత పాఠశాలకు, జూనియర్ కాలేజీకి, గురుకులానికి, వలస వెళ్లినవారి పిల్లలుండే సీజనల్ హాస్టల్‌కు ఒక్క పేజీ రాతపత్రం ఇవ్వండి. అనుమానం వచ్చిన టీచరు ఎవరికి చెప్పాలి, తల్లిదండ్రులతో ఎవరు మాట్లాడాలి, పిల్లను చూసే డాక్టరు లేదా సైకాలజిస్టు పేరు, ఫోను నంబరు ఏమిటి, ఎన్ని రోజుల్లో చూస్తారు అన్నవి అందులో ఉండాలి. ప్రాణాపాయం ఉందనిపిస్తే పిల్లను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి ఎలా తీసుకెళ్లాలో విడిగా ఉండాలి. పిల్లను చూసిన తర్వాత, బడిలో ఎలాంటి వెసులుబాటు ఇవ్వాలో ఒక చీటీ వెనక్కి రావాలి. ఈ పత్రం ఒక్కటి వచ్చినా మా లేఖలో సగం ఫలించినట్లే.

9. ఆదోని వంటి చోట్ల ఏరియా ఆసుపత్రుల్లో నెలకు కనీసం రెండు రోజులు, ముందుగా ప్రకటించిన తేదీల్లో, పిల్లల మానసిక ఆరోగ్య ఓపీ నడపండి. మా ఊళ్ల నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు ఛార్జీలు, దారిలో తిండి ఖర్చు. మొదటిసారి ఎలాగో వెళ్తారు. చికిత్స ఆగిపోయేది రెండోసారి, మూడోసారి వెళ్లవలసి వచ్చినప్పుడు. డాక్టరు రాసిన మందులు దగ్గరి ఆసుపత్రిలోనే దొరకాలి. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో పిల్లను దగ్గరగా గమనించాలి కనుక ఏఎన్ఎంకు ఆ బాధ్యత అప్పగించాలి. రక్తహీనత, థైరాయిడ్ సమస్యలు కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి కాబట్టి ఆ పరీక్షలు పీహెచ్‌సీలోనే చేసి పంపాలి.

10. కౌన్సెలర్లను నియమించండి. ఉన్న ఉపాధ్యాయుల్లో ఒకరికి 'అదనపు బాధ్యత' అని ఉత్తర్వు ఇచ్చి నియామకం జరిగినట్లు చూపవద్దు. మేము వినగలం, గమనించగలం, తోడు వెళ్లగలం, చికిత్స చేయలేం. చిన్న బడులకు కొన్నిటికి కలిపి ఒకరినైనా ఇవ్వండి.

11. శిక్షణ ఏడాదికి రెండుసార్లు ఇవ్వండి. అందులో వార్డెన్లను, వంటమనుషులను, ఆయాలను, వాచ్‌మన్లను కూడా కూర్చోబెట్టండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని పిల్లలను అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందన్న భయం మా స్టాఫ్‌రూముల్లో బలంగా ఉంది. అలా నెమ్మదిగా, నేరుగా అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఎలా అడగాలో, జవాబు 'అవును' అని వస్తే తర్వాతి పది నిమిషాల్లో ఏం చేయాలో చేయించి చూపే శిక్షణ కావాలి.

12. కౌమార వయసు పిల్లల ఆరోగ్య పరీక్షల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, మనసు స్థితికి సంబంధించిన కొన్ని ప్రశ్నలు చేర్చండి. అయితే చూసే డాక్టరును సిద్ధం చేయకుండా వేలమందికి ప్రశ్నపత్రాలు పంచవద్దు. పేర్ల జాబితాలు సమీక్షా సమావేశాల్లో తెర మీద ప్రదర్శించవద్దు. 2017 చట్టం 23వ సెక్షన్ ఇచ్చిన గోప్యత హక్కు పిల్లలకూ ఉంది. దయచేసి దీనికోసం ఇంకొక యాప్ మాత్రం తేవద్దు. హాజరుకు, భోజనానికి, మరుగుదొడ్ల ఫొటోలకు చూసుకున్న తెరలు చాలు, ఆ సమయంలో పిల్లల ముఖాలు చూడనివ్వండి.

13. రెసిడెన్షియల్ కాలేజీల్లో మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం, ర్యాంకుల జాబితాలు బహిరంగంగా పెట్టడం ఆపించండి. ఆదివారం సెలవు, తల్లిదండ్రులతో తీరిగ్గా మాట్లాడే వీలు పిల్లలకు ఉండాలి. జిల్లా కమిటీ ముందస్తు సమాచారం లేకుండా తనిఖీ చేసి, తనిఖీ నివేదికను ప్రజలకు అందుబాటులో ఉంచాలి. కమిటీలో తల్లిదండ్రులకు చోటు ఇవ్వాలి. ఉల్లంఘించిన కాలేజీకి గుర్తింపు పునరుద్ధరణ సమయంలో అది అడ్డం రావాలి. జరిమానా కట్టి మరచిపోయే వ్యవహారం కాకూడదు.

14. మానసిక అనారోగ్యం కారణంగా గానీ ఆత్మహత్యాయత్నం తర్వాత గానీ ఏ విద్యార్థికీ బలవంతంగా టీసీ ఇవ్వరాదని ఉత్తర్వు జారీ చేయండి. తిరిగి వచ్చే పిల్లకు హాజరులో, పరీక్షల్లో మినహాయింపు ఇవ్వండి. 115వ సెక్షన్ సారాంశాన్ని తెలుగులో రాయించి ప్రతి అత్యవసర విభాగంలో, ప్రతి పోలీసు స్టేషన్లో పెట్టించండి.

15. సుగ్గికి వెళ్లే కుటుంబాల పిల్లలను ప్రత్యేకంగా గమనించండి. ఆ నెలల్లో వారానికి ఒకసారైనా తల్లిదండ్రులతో బడి ఫోను నుంచి మాట్లాడించే ఏర్పాటు కావాలి. దీనికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు. దీర్ఘకాల గైర్హాజరు అని పేరు కొట్టేసే ముందు, ఆ పిల్ల ఎందుకు రావడం లేదో ఇంటికి వెళ్లి చూసిన నమోదు ఉండాలి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో ఏ అంశంపై ఏ శాఖ, ఏ అధికారి, ఎప్పటిలోగా చర్య తీసుకుంటారో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. కొన్ని అంశాలు సాధ్యం కావని భావిస్తే కారణాలతో సహా ఆ మాటే రాయండి. వాటిపై మరో మార్గం వెతుక్కుంటాం. సమాధానం రానిపక్షంలో తల్లిదండ్రుల కమిటీల తీర్మానాలతో జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయిస్తాం.

ఈ లేఖ చదువుతున్న తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. అధికారుల జవాబు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. టెలి మానస్ 14416కు, పిల్లల సహాయానికి 1098కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే పిల్లను వదలకుండా ఉండి 108కి చేయండి. ఈ మూడు నంబర్లను మా బడుల్లో మంచినీళ్ల కుళాయి పక్క గోడ మీద పెయింటుతో రాయించాం. మీ బడిలోనూ రాయించండి.

ఇట్లు,
కర్నూలు జిల్లా పడమటి మండలాల ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల తరఫున
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు